ఆవు పాలతో చేసిన చీజ్‌ని ఫెటా అనొచ్చా? ఆ పేరు గ్రీసుకే ఉండాలా?

క్వీన్స్ వాసి
శనివారం ఆస్టోరియా వెళ్లాం. న్యూయార్క్ వాళ్లకి తెలిసే ఉంటుంది, 31వ వీధిలో నెత్తి మీద రైలు, కింద గ్రీకు దుకాణాలు. ఒక పెద్ద సరుకుల దుకాణంలో చీజ్ కౌంటర్ దగ్గరే గంట గడిచిపోయింది. ఫెటా అంటే గ్రీకుల గొర్రె పాల చీజ్ కదా, అక్కడ ఉప్పునీళ్లలో మునిగి తెల్లటి దిమ్మలు, ఒక్కోదాని ముందు ఒక చీటీ. గ్రీకు ఫెటా, బల్గేరియన్ ఫెటా, ఫ్రెంచ్ ఫెటా, చివర్లో ఆవు పాల ఫెటా. కౌంటర్ వెనకున్న పెద్దాయన అడగగానే ప్రతిదాంట్లోంచీ కత్తి కొసతో చిన్న ముక్క తీసి పెట్టాడు. గ్రీకుది నోట్లో వేసుకోగానే పులుపు, ఆ వెనకే మిరియం లాంటి ఘాటు, మింగాక కాస్త గొర్రె వాసన. ఆవు పాలది మెత్తగా, ఉప్పగా ఉంది, అంతే.

"ఇదీ ఫెటాయేనా?" అని అడిగితే, "చీటీ మీద రాశాం కానీ, మా ఊళ్లో అలా అనం" అన్నాడు.

మా ఆయన సలాడ్‌లో వేసుకునేదానికి ఇంత చర్చ ఎందుకంటారు. నాకు మాత్రం ఆ పేరు గ్రీసుకే ఉండాలనిపిస్తోంది. మీరేమంటారు?

రేకుల ఊరు
మాది ఆత్రేయపురం పక్క ఊరు. మా మేనత్త తిరగేసిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగేది. రెప్పపాటులో రేకు లేచేది. ఆ చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతం సరుక్కే అనే రక్షణ) వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. ఎక్కడో యంత్రం మీద తీసిన రేకుకి మా ఊరి పేరు తగిలిస్తే ఒప్పుకోను. గ్రీకు వాళ్లదీ అదే బాధ. నా ఓటు మీకే.

నల్లకుంట
పూతరేకులతో పోలిక కుదరదండీ. ఆత్రేయపురం అంటే ఊరు. ఫెటా ఊరి పేరు కాదు, ఇటాలియన్ మాట నుంచి వచ్చింది, అర్థం ముక్క. డెన్మార్క్ వాళ్లు దశాబ్దాలుగా అదే పేరుతో చేసి అమ్మారు. ఆ పేరు గ్రీసుకే అంటూ 1996లో యూరోపియన్ యూనియన్ చేసిన రిజిస్ట్రేషన్‌ని 1999లో యూరప్ న్యాయస్థానమే కొట్టేసింది, మిగతా దేశాల్లో ఆ పేరు ఎంత వాడుకలో ఉందో సరిగ్గా చూడలేదని. పైగా ఉప్పునీళ్ల తెల్ల చీజ్ గ్రీసు, బల్గేరియా ఉన్న బాల్కన్ ప్రాంతమంతా ఉంది. సరిహద్దులు నిన్నమొన్నటివి, గొర్రెల కాపరులు అంతకు ఎన్నో రెట్లు పాతవాళ్లు.

క్వీన్స్ వాసి
నల్లకుంట గారూ, 1999 దగ్గరే ఆగిపోయారు. 2002లో మళ్లీ రిజిస్టర్ చేశారు. డెన్మార్క్, జర్మనీ కోర్టుకెళ్తే 2005లో గ్రీసే గెలిచింది. ఆ తీర్పులో నాకు బలంగా తగిలిన మాట ఒకటుంది. వేరే దేశాల్లో చేసిన డబ్బాల మీద కూడా గ్రీసుని గుర్తుచేసే బొమ్మలు, మాటలు వాడుతున్నారని న్యాయమూర్తులు గమనించారు. అది మామూలు పేరే అయితే ఆ బొమ్మలు ఎందుకు?

బల్గేరియా వాళ్లకి సిరెనె, టర్కీ వాళ్లకి బెయాజ్ పెయ్నిర్ అని సొంత పేర్లున్నాయి. చీజ్ చెయ్యొద్దని ఎవరూ ఆపడం లేదు.

పాల మనిషి
డెయిరీలో పనిచేశాను, పాల సంగతి చెబుతాను. నియమం ప్రకారం ఫెటాలో గొర్రె పాలు కనీసం 70 శాతం, మిగతా మేక పాలు కావచ్చు. ఆవు పాలు అసలు ఉండకూడదు. గొర్రె పాలలో వెన్న మన గేదె పాలంత ఉంటుంది, రంగూ అలాగే తెలుపు. ఆవు పాల చీజ్‌కి పసుపు ఛాయ వస్తుంది.

అసలు పద్ధతిలో విరిగిన పాల గడ్డని కోసి అచ్చుల్లో నీరు దిగనిస్తారు, ఉప్పు చల్లుతారు, చెక్క పీపాలోనో డబ్బాలోనో ఉప్పునీళ్లలో వేసి కనీసం 2 నెలలు మాగబెడతారు. ఫ్యాక్టరీ పద్ధతిలో పాలనే ముందు ఫిల్టర్ చేసి చిక్కబరుస్తారు, అందుకని తేట నీరు దిగే పనే ఉండదు. క్వీన్స్ వాసి గారికి మెత్తగా తగిలింది ఇలాంటిదే అయ్యుంటుంది. రెండూ తినొచ్చు, కానీ ఒకే వస్తువు కావు.

తులసికోట
చర్చ పక్కకి పోతుందేమో, కానీ శాకాహారులకి ఇది ముఖ్యం. పాలు విరగ్గొట్టడానికి సంప్రదాయంగా గొర్రెపిల్ల, మేకపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. వేరే ఎంజైములకీ అనుమతి ఉంది కాబట్టి డబ్బా మీద మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసినది) అని ఉందో లేదో చూడండి. విడిగా కోసి ఇస్తే తప్పకుండా అడగండి. తెలియక మా అత్తగారికి రెండేళ్లు పెట్టాను, ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

నల్లకుంట
పాల మనిషి గారు చెప్పింది ఒప్పుకుంటాను, ఆవు పాలది వేరే వస్తువు. కానీ ఒకటి చెప్పండి. క్రీట్ కూడా గ్రీసే. అక్కడి రైతు అవే గొర్రె పాలతో, అదే పద్ధతిలో చేసినా ఫెటా అనకూడదు, ఎందుకంటే ఫెటా పేరుకి గీసిన హద్దులో ప్రధాన భూభాగంతో పాటు లెస్బోస్ దీవి ఉంది, క్రీట్ లేదు. ఇది ఆ రైతుకి న్యాయమా?

క్వీన్స్ వాసి
ఆ రైతు విషయంలో నా దగ్గర జవాబు లేదు. హద్దు ఎక్కడ గీసినా అవతల ఒకరు మిగులుతారు. అయినా హద్దే వద్దంటే కొండల్లో గొర్రెలు కాసేవాడు ఫ్యాక్టరీ ధరతో పోటీ పడాలి, అది ఇంకా అన్యాయం.

ఆర్హూస్ నుంచి
డెన్మార్క్‌లో ఉంటాను. ఇక్కడి ఆవు పాల డబ్బాల మీద సలాడ్ చీజ్ అని ఉంటుంది. యూరప్ బయటికి పంపేవాటి మీద మాత్రం ఫెటా అని వేసేవారు. 2022లో కోర్టు అదీ తప్పేనంది. పేరు మారినా నా కొలీగ్స్ ఆ చీజ్ కొనడం మానలేదు. నేను నెలకోసారి గ్రీకుది కొంటాను, టమాటా ముక్కల మీద వేసి, పైన కాస్త ఆలివ్ నూనె, ఎండు ఒరేగానో. ఆ రోజు చపాతీలోకి వేరే కూర చెయ్యను.