ఎక్సోమ్ నెగటివ్, కానీ పసిబిడ్డకి షుగర్ పడిపోతూనే ఉంది: తర్వాత ఏ పరీక్ష?

ప్రశ్న: రెండు నెలల బిడ్డ. షుగర్ 40కి పడిపోయినప్పుడు కూడా రక్తంలో ఇన్సులిన్ కనిపిస్తోంది. పుట్టుకతో వచ్చే హైపర్‌ఇన్సులినిజం (అవసరానికి మించి ఇన్సులిన్ వచ్చే జబ్బు) అని డాక్టర్లు తేల్చారు. ఎక్సోమ్ అనే జన్యు పరీక్ష రిపోర్టులో మాత్రం ఏమీ దొరకలేదు. ఇది జన్యుపరమైనది కాదనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదండీ. ఎక్సోమ్ చదివేది ప్రొటీన్ కోడ్ ఉండే ఎక్సాన్లని, వాటి అంచుల్లో కొద్ది బేస్‌లని (డీఎన్‌ఏ అక్షరాలని). మొత్తం జీనోమ్‌లో అది 2 శాతం లోపే. ఈ జబ్బులో దానికి అందని చోట్లు రెండు ముందు చూడాలి.

ఒకటి, ఏబీసీసీ8 జన్యువులో సి.1333-1013ఎ>జి. ఎక్సాన్‌కి 1013 బేస్‌ల దూరంలో, ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య ఉండే, ప్రొటీన్ కోడ్ లేని భాగం) లోపలెక్కడో ఉంటుంది. ఆ ఒక్క అక్షరం మారితే కొత్త స్ప్లైస్ సైట్ (ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికించే చోటు) పుట్టి, ఇంట్రాన్ ముక్క ఒకటి ఎక్సాన్‌లా ఆర్‌ఎన్‌ఏలో దూరిపోతుంది. తల్లి వైపు ఏ మార్పూ లేకుండా ఇది తండ్రి నుంచి మాత్రమే వచ్చిందని తేలితే ఫోకల్ రకాన్ని అనుమానించాలి, అంటే క్లోమంలో ఒకచోటే లోపం. ఫ్లోరిన్-18 డోపా పెట్ స్కాన్‌లో ఆ చోటు దొరికి, అంతమేరకే తీసేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అందుకే అమ్మానాన్నల శాంపిళ్ళు కూడా తప్పకుండా పంపండి.

రెండోది హెచ్‌కే1 జన్యువులోని ఇంట్రాన్ 2. ఇది 2022లో వెలుగులోకి వచ్చింది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఈ జన్యువు ఆగి ఉండాలి. 42 బేస్‌ల చిన్న ప్రాంతంలో మార్పు వస్తే ఆ కట్టడి పోతుంది. ఈ జన్యువు తయారుచేసే హెక్సోకైనేజ్-1 ఎంజైమ్‌కి గ్లూకోజ్ కొంచెం ఉన్నా చాలు, పనిచేసేస్తుంది. దాంతో షుగర్ తక్కువగా ఉన్నా ఇన్సులిన్ వచ్చేస్తుంది. ఒక్క కాపీలో మార్పు చాలు. అమ్మానాన్నల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా రావచ్చు.

మరొకరి జవాబు: ఇక్కడ ల్యాబులు జారే చోటు ఒకటుంది. స్ప్లైస్‌ఏఐ (మార్పు వల్ల స్ప్లైసింగ్ దెబ్బతింటుందా అని అంచనా వేసే సాఫ్ట్‌వేర్) స్కోరు 0.2 దాటినవే ఉంచుకుని మిగతావి తీసేస్తే హెచ్‌కే1 మార్పు చేజారుతుంది, ఎందుకంటే అది స్ప్లైసింగ్ లోపం కాదు. రక్తంలో ఆర్‌ఎన్‌ఏ పరీక్షా పనికిరాదు. రక్తకణాల్లో హెచ్‌కే1 మామూలుగానే పనిచేస్తుంటుంది, తేడా అంతా బీటా కణాల్లోనే.

ప్రశ్న: హోల్ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ చదివే పరీక్ష) చేయిస్తే ఇవన్నీ వచ్చేస్తాయా?

జవాబు: డేటాలో ఉంటాయి, రిపోర్టులో ఉంటాయన్న హామీ లేదు. చాలా ఫిల్టర్లు లోపలి ఇంట్రాన్ మార్పుల్ని ముందే తీసేస్తాయి. కాబట్టి రిక్వెస్ట్ ఫారంలో జబ్బు పేరొక్కటే సరిపోదు. ‘ఏబీసీసీ8 డీప్ ఇంట్రానిక్, హెచ్‌కే1 ఇంట్రాన్ 2 చూడాలి’ అని డాక్టరు చేత రాయించండి. ఈ ప్రాంతాలు కవరయ్యే హైపర్‌ఇన్సులినిజం ప్యానెల్ (ఈ జబ్బుకి సంబంధించిన జన్యువుల్నే చూసే పరీక్ష) దొరికితే ముందు అదే మేలు. వీసీఎఫ్ (దొరికిన మార్పుల జాబితా), బీఏఎం (చదివిన డీఎన్‌ఏ డేటా) ఫైళ్ళు రెండూ అడిగి తీసుకోండి. కొత్త చోటు బయటపడ్డప్పుడు మళ్ళీ రక్తం తీయకుండానే వెతకొచ్చు. ఈలోగా షుగర్ నిలబెట్టే చికిత్స మాత్రం రిపోర్టు కోసం ఆగకూడదు.