శెట్టిహళ్లి రోజరీ చర్చి: నిలబెట్టాలా, నీటికే వదిలేయాలా?

పాతగోడ:
కర్ణాటక హాసన్ జిల్లా, హేమావతి జలాశయం ఒడ్డు. 1860ల్లో ఫ్రెంచి మిషనరీలు కట్టించిన విచారణ గుడి, అంటే ఆ చుట్టుపక్కల క్రైస్తవులందరి చర్చి. గొరూరు ఆనకట్ట 1979లో పూర్తయ్యాక ఊరు తరలిపోయింది, గుడి ఒక్కటే మిగిలింది. కప్పు పోయింది. వానాకాలంలో చాలా భాగం మునుగుతుంది, ఎండాకాలంలో అడుగు దాకా తేలుతుంది. ప్రభుత్వం డబ్బు పెట్టి బాగుచేయించాలన్నది నా వాదన. గోతిక్ పద్ధతిలో కొనదేలిన కమానులు వరసగా ఉంటాయి. ప్రతి కమానూ స్తంభాన్ని పక్కకు తోస్తుంది, అవతలి కమాను ఆ తోపుడుకు ఎదురు నిలుస్తుంది. మధ్యలో ఒక్క స్తంభం కూలితే చాలు, దాని పక్కదానికి ఆసరా పోయి అదీ ఒరుగుతుంది. ఇక్కడ పతనం కొంచెం కొంచెంగా ఉండదు.

బెల్లంపానకం:
అంత భయం అక్కర్లేదు. బెల్లం, కోడిగుడ్లు కలిపిన సున్నంతో కట్టారు కాబట్టే ఇన్నేళ్లు నీళ్లలో నిలిచింది. సిమెంటు గోడైతే ఎప్పుడో పోయేది.

డంగుసున్నం:
ఈ మాట పాత కట్టడం ప్రతిదానికీ చెబుతారు. కలిపారనే అనుకుందాం. బెల్లం చేసేదేమిటి? సున్నం మెత్తగా కలుస్తుంది, నీళ్లు తక్కువ పడతాయి, గట్టిపడటం ఆలస్యమవుతుంది. గుడ్డుసొన గిలాబాకు నునుపునిస్తుంది, నీటిని కొంత తోసేస్తుంది. అడుగున నానుతున్న గోడను నిలబెట్టే పని వాటిది కాదు. ఉత్త సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, మందపాటి గోడ లోపలికి చేరేసరికి ఏళ్లు పడుతుంది. నీళ్లలో అసలే గట్టిపడదు. నీళ్లలోనూ పట్టేది సుర్ఖీ, అంటే ఇటుక పొడి, కలిపిన సున్నం. ఆ ఇటుక పొడి కూడా కొంచెం తక్కువ కాలిన ఇటుకదై ఉండాలి, బాగా కాలినది సున్నంతో కలవదు.

బెల్లంపానకం:
మరి నిలిచిందిగా? దానికి జవాబు చెప్పండి.

రాతిమెట్టు:
గోడలెక్కి ఫొటోలు దిగేవాళ్లను ముందు ఆపించండి, మిగతాది తర్వాత.

డంగుసున్నం:
జవాబు చెబుతా. నిండా నీళ్లున్నప్పుడు గోడకు రెండు వైపులా ఒత్తిడి సమానం, కాబట్టి నీటి బరువుకు పడిపోదు. చిక్కు వేరే చోట ఉంది. ఇటుక కట్టుబడి ఘనపు మీటరు సుమారు 1,900 కిలోలు, మునిగితే నీటి తేలింపు పోను 900 కిలోలదే పని. గోతిక్ కమాను తోపుడును ఆపేది స్తంభం బరువే కదా, మునిగినంత మేరా ఆ బరువు సగమైపోతుంది. అప్పుడు అలల తాకిడి తోడైతే? ఇంకోటి, జలాశయం వేగంగా దిగేటప్పుడు బయట నీరు పోతుంది, గోడ లోపలి నీరు వెనకబడుతుంది. అది బయటికొస్తూ సున్నాన్నీ సన్న ఇసుకనూ ఈడ్చుకొస్తుంది. ఏటా ఇదే తంతు. పైకి కమాను బాగానే కనబడుతుంది, లోపల సందులన్నీ ఖాళీ. ఇన్నేళ్లు నిలిచిందన్నది ఇకమీద నిలుస్తుందనడానికి సాక్ష్యం కాదు.

కృష్ణాతీరం:
శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. నాగార్జునసాగర్ ముంపులో నాగార్జునకొండ కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఈ గుడిని ఎందుకు వదిలేశారు? అప్పుడు పట్టనివాళ్లకు ఇప్పుడు ప్రేమ ఎక్కడిది?

పాతగోడ:
కూడవెల్లిది రాతి గుడి. రాయికి రాయి విడివడుతుంది, నంబరు వేసి, విప్పి, అదే వరసలో పేర్చవచ్చు. ఇటుకను సున్నంలోంచి విడదీస్తే సగం ముక్కలవుతాయి, గిలాబాలో తీర్చిన అంచులు ఒక్కటీ దక్కవు. మళ్లీ కడితే అది కొత్త గుడే. అందుకే ఉన్నచోటే కాపాడుకోవాలి.

కృష్ణాతీరం:
మాదీ శ్రీశైలం ముంపు ఊరే. ఇళ్లకు, పొలాలకు ఇచ్చిన పరిహారం సంగతి మా పెద్దల్ని అడిగితే తెలుస్తుంది. మనుషుల్ని లేపేసిన చోట గోడకు కోట్లా?

పాతగోడ:
చర్చ గుడి గురించి. మీ ఊరి లెక్కలు ఇక్కడెందుకు?

కృష్ణాతీరం:
మీకు గోడ తప్ప ఇంకేమీ కనబడటం లేదు! గుడి అంటే విచారణ, అందులో జనం. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు జరిగిన చోటు. ఆ కుటుంబాలు నిర్వాసితులై చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు కమానుల కింద పెళ్లి ఫొటోలు తీసుకునేవాళ్ల కోసం బాగుచేస్తారా? ఆ కుటుంబాలను ఒక్కసారి అడిగారా?

రాతిమెట్టు:
శ్రీసభ (కేథలిక్ సంఘం) చట్టం 1212వ నియమం ప్రకారం చాలా భాగం కూలిపోయిన గుడికి పవిత్ర స్థలమనే హోదా పోతుంది. ఇక హక్కు ఎవరిది?

కృష్ణాతీరం:
1222వ నియమం కూడా చదవండి. పూజ ఆగిన గుడిని లౌకికమైన పనికి ఇవ్వవచ్చు కానీ హీనమైన పనికి ఇవ్వకూడదు. హోదా పోయినంత మాత్రాన గౌరవం పోదు. నేను బాగుచేయొద్దనడం లేదు. ఎవరి గుడో వాళ్లు చెప్పాలంటున్నాను.

పాతగోడ:
ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆ కుటుంబాల మాట మొదట వినాలన్నది ఒప్పుకుంటా. వాళ్లు వద్దంటే నీటికి వదిలేయాలంటే మాత్రం ఒప్పుకోను. ఆ కట్టడం చరిత్ర వాళ్లొక్కరిదే కాదు.

కృష్ణాతీరం:
అక్కడే మీకూ నాకూ పడదు.

డంగుసున్నం:
మీ తగవు తేలేలోగా చేతిలో ఉన్న గడువు చూడండి. నీరు దిగేది మాఘ, ఫాల్గుణాల్లో, మళ్లీ పెరిగేది జూన్, జులైలో. ఆ మధ్యలోనే పనంతా. ముందు కమానుల కింద చెక్క సెంట్రింగ్ నిలబెట్టాలి, అది లేకుండా పైన ఏమీ ముట్టకూడదు. రావి మొలకలను కోయాలి, పీకితే వేరుతోపాటు ఇటుక వస్తుంది. గోడలో అర మీటరుకో రంధ్రం, వరసకీ వరసకీ ఎడం తప్పించి వేసి, అడుగు వరస నుంచి పైకి నీటి సున్నం (నీళ్లలోనూ గట్టిపడే సున్నం) పాలను తక్కువ ఒత్తిడితో నింపాలి. ఒత్తిడి ఎక్కువైతే గోడ ఉబ్బుతుంది. పైన మూడు నాలుగు వరసల ఇటుకను సుర్ఖీ సున్నంతో కప్పాలి. పునాది చుట్టూ రాతి పరుపు వేయాలి. సిమెంటు మాత్రం వద్దు. అది ఇటుక కంటే గట్టి, నీటిని లోపలే బంధిస్తుంది, ఉప్పు పేరుకుని ఇటుక మొహం పొరలుగా ఊడుతుంది. గోనెపట్టాలు తడుపుతూ కనీసం మూడు వారాలు ఆరనివ్వకుండా చూడాలి. ఏప్రిల్ దాటాక మొదలుపెడితే పచ్చి సున్నం మీదికే నీళ్లొస్తాయి, డబ్బూ పోతుంది, గోడా పోతుంది.

బెల్లంపానకం:
బెల్లం కలపరా మరి?

డంగుసున్నం:
కలపను. జూన్ లోపు పట్టాల్సిన సున్నానికి ఆలస్యం చేసే వస్తువు ఎందుకు?

కృష్ణాతీరం:
అయితే జనవరిలోపే ఆ కుటుంబాలను కూర్చోబెట్టాలి. అడగకుండా ఒక్క సెంట్రింగ్ గుంజ పాతినా నేను ఎదురు నిలబడతా.