పుట్టిన మూడో రోజు స్కాన్ చూసి చెయ్యి కాలు సంగతి చెప్పేయొచ్చా?

బాబు_పిన్ని: మా అక్క బాబుకి పుట్టిన రెండో రోజే ఫిట్స్ వచ్చాయి, మర్నాడు ఎమ్మారై తీసి మెదడులో ఎడమ వైపు స్ట్రోక్ అన్నారు, కుడి చెయ్యి బలహీనంగా ఉండే ఛాన్స్ ఎక్కువని కూడా అప్పుడే చెప్పేశారు. వాడేమో రెండు చేతులూ బానే ఆడిస్తున్నాడు. ఇంత తొందరగా చెప్పడం కరెక్టేనా?

ఓపికపట్టాలి: అస్సలు కాదండీ. పసిపిల్లల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, దెబ్బతిన్న చోటు చేసే పని వేరే భాగం అందుకోవచ్చు. ఇప్పుడే చెప్పేస్తే ఆ తల్లి బిడ్డని ఎత్తుకున్నప్పుడల్లా ఆ చెయ్యే చూసి కుమిలిపోతుంది. ఏడాది ఆగితే ఎలాగూ తెలుస్తుందిగా.

పసిఫిజియో: ఆ ఏడాది ఆగడమే నాకు భయం. స్కాన్‌లో కనిపించే స్ట్రోక్ మచ్చ ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదండీ, ఎక్కడిదాకా దిగిందన్నది ముఖ్యం. మెదడు పైపొర నుంచి వెన్నుపాముకి కదలికల సంకేతాలు మోసే నరాల దారి ఉంటుంది, కార్టికోస్పైనల్ ట్రాక్ట్ అంటారు, కొత్తగా దెబ్బతిన్న చోటుని తెల్లగా చూపే డిఫ్యూజన్ ఎమ్మారైలో, మెదడు లోపల ఇంటర్నల్ క్యాప్సూల్ అనే చోటు నుంచి కింద మెదడు కాండం దాకా ఆ దారంతా తెల్లగా మెరిస్తే ఒక పక్క బలహీనత వచ్చే అవకాశం బాగా ఎక్కువ. వారం దాటేసరికి ఆ మెరుపు తగ్గిపోతుంది, అందుకే మొదటి రోజుల్లోనే తీస్తారు. ఇక చేతులు ఆడించడం అంటారా, ఈ వయసులో అది చూసి ఏమీ తేల్చలేం, తేడా సాధారణంగా 4-6 నెలలకి వస్తువులు అందుకోబోయినప్పుడు బయటపడుతుంది. పైగా పుట్టినప్పుడు మెదడు రెండు సగాల నుంచీ ఒక్కో చేతికి నరాలు వెళ్తాయి, వాడకం లేనివి మెల్లగా వెనక్కి తగ్గిపోతాయి, అంటే మీరు చెప్పిన ఆ ఎదిగే గుణమే ఆగితే మనకి ఎదురు తిరుగుతుంది.

ఓపికపట్టాలి: స్కాన్ తప్పైతే? ఆ దిగులంతా ఊరికే పడినట్టేగా.

పసిఫిజియో: తప్పు కావచ్చు, అందుకే ఒక్క స్కాన్‌తో తేల్చేయరు. 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా ఎమ్మారైతో పాటు కదలికల వీడియో పరీక్ష, పసిపిల్లల నరాల పనితీరు చూసే హామర్‌స్మిత్ పరీక్ష కలిపి చూడమన్నారు, అలా చూస్తే 6 నెలల లోపే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బవల్ల కదలికల్లో వచ్చే లోపం, గుర్తించొచ్చు. బలహీనపడొచ్చన్న చేతిని ఇప్పటి నుంచే ఆటలో ఎక్కువ వాడించడం వల్ల, ఒకవేళ బలహీనత రాకపోయినా బిడ్డకి నష్టమేం లేదు. ఒక పక్క బలహీనత ఉన్న పిల్లల్లో కూడా ఎక్కువమంది నడుస్తారు, ఆ మాట అదే రోజు అక్కకి చెప్పాల్సింది, చెప్పకపోతే అది డాక్టర్ల లోపమే.

బాబు_పిన్ని: మరి ఇప్పుడు ఏం అడగమంటారు?

పసిఫిజియో: ఆ నరాల దారిలో మెరుపు ఉందా, ఎక్కడిదాకా ఉందో అడగండి. మూడో నెలలో వీడియో పరీక్షకి ఎవరు చూస్తారో కనుక్కోండి. ఏడాది లోపు బాబు ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతుంటే వెంటనే చూపించండి.