సమస్యాపూరణం: మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

నిర్వాహకుడు:

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య కందపాదం.

మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

విషయం మాత్రం పురాణేతిహాసాల నుండి కాక, 1993లో చికాగోకు చెందిన మిడ్‌వే సంస్థ విడుదల చేసిన ‘ఎన్‌బీఏ జామ్’ అనే బాస్కెట్‌బాల్ ఆర్కేడ్ ఆట నుండే తీసుకోవాలి. ఆడనివారి కోసం నియమాలు క్లుప్తంగా చెబుతాను. జట్టుకు ఇద్దరే ఆటగాళ్లు. మూడేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. తోసినా పడగొట్టినా తప్పు పట్టే రిఫరీ లేడు. ఒకే ఆటగాడు వరుసగా మూడు బుట్టలు వేస్తే అతనికి ‘నిప్పంటుకుంటుంది’, బంతి అతని చేతిలో మండుతుంది, టర్బో (బటన్ నొక్కితే వచ్చే అదనపు వేగం) తరగదు, గురి పెరుగుతుంది. ఎదుటి జట్టు ఒక బుట్ట వేసినా, అతడే మరో నాలుగు వేసినా ఆ నిప్పు ఆరిపోతుంది. పద్యం ఎంత సొగసుగా ఉన్నా, అందులోని ఎత్తుగడ ఆటలో చెల్లనిదైతే పూరణను అంగీకరించను.

గోదావరి గాలి:

రెండవవాఁడు వలకడను
అండగ నిలుచుండి యెదుటి యాటల నడఁపన్
నిండు జవంబున నుఱికిన
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

కొత్తగా ఆడేవారు ఇద్దరూ కలిసి బంతి వెంట పరుగెత్తుతారు. ఒకరు తమ వల కింద కాపు కాస్తే, నిప్పంటిన రెండవవాడు నిశ్చింతగా దూసుకుపోవచ్చునని నా భావం.

నిర్వాహకుడు:

గోదావరి గాలి గారూ, మీ పద్యంలోని వ్యూహం ఈ ఆటకు ప్రాణం వంటిది. నిప్పు ఆరేది మనం గురి తప్పినందువల్ల కాదు, ఎదుటివారు బుట్ట వేసినందువల్ల. కాబట్టి మంటను కాపాడేది దాడి కంటే ఎక్కువగా కాపు కాసేవాడే. ‘నిండు జవము’ అని టర్బోను తెలుగులో పట్టుకున్న తీరు కూడా నాకు నచ్చింది.

ఇక దోషాలు. రెండవ పాదాన్ని అచ్చుతో మొదలుపెట్టి విసంధి చేశారు. ‘రెండవవాఁడును వలకడ / నండగ నిలుచుండి’ అంటే గణాలూ చెడవు, సంధీ కుదురుతుంది. అంతకంటే పెద్ద లోటు సమస్యలోని చిక్కుముడి విడకపోవడం. దూసుకుపోయినవాడు బంతిని విడువకుండా బుట్ట ఎలా వేశాడు? ‘విడువని’ అన్న పదం మీ పద్యంలో ఊరికే ఉండిపోయింది.

పాత ఆర్కేడు:

నిర్వాహకుల వారు అడిగిన ప్రశ్ననే పద్యంగా మలిచాను. కాకువుతో, అంటే ప్రశ్నించే స్వరంతో, చదవమని ప్రార్థన.

దండుగ! యిరువదినాలుగు
నిండిన సెకనులకు బంతి నీదగునొక్కో?
కండల నమ్మి కరంబున
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్?

రిఫరీ లేని ఈ ఆటలోనూ రెండు నియమాలు మాత్రం మిగిలాయి. వలలోకి దిగుతున్న బంతిని అడ్డుకోకూడదు, ఇరవైనాలుగు సెకన్లలోపు బంతిని వలకేసి విసరాలి. నిప్పంటినవాడికి మొదటి నియమం నుండి మినహాయింపు ఉంది గాని రెండవదాని నుండి లేదు.

నిర్వాహకుడు:

ప్రశ్నార్థకంగా మార్చడం సమస్యాపూరణంలో పాత ఉపాయమే అయినా, ఇక్కడ ఆట నియమమే ఆ ప్రశ్నను పుట్టించింది కనుక అతికినట్టు అనిపించలేదు. ‘అగునొక్కో’ ప్రయోగం చక్కగా ఉంది. మినహాయింపు సంగతి మరొక పద్యానికి పనికివస్తుంది: నిప్పంటినవాడు దాడిలో ఉన్నప్పుడే కాక, తమ వల కింద నిలబడి దిగివచ్చే ప్రతి బంతినీ తోసివేస్తూ తన నిప్పును తానే కాపాడుకోగలడు. చాలామంది ఈ మాట మరచి, మంట అంటుకోగానే దూరం నుండి మూడు పాయింట్ల విసురులకే ఎగబడతారు.

కృష్ణాతీరం:

దండి మలోనొక వైపున
నుండఁగ స్టాక్టను మెఱపుగ నుఱికియె లాగన్
జెండెదుటివాని నుండియు
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

యూటా జట్టును ఎంచుకున్నాను. బలాఢ్యుడైన కార్ల్ మలోన్‌కు, బంతిని లాగడంలో నేర్పరి అయిన జాన్ స్టాక్టన్‌ను తోడు చేశారు కనుక ఈ జోడీ ఎత్తుగడలకు అనువైనది. ‘నుండఁగ స్టాక్టను’ అన్నచోట ‘స్టా’ సంయుక్తాక్షరం కనుక దాని ముందున్న ‘గ’ గురువు అవుతుందా అన్న సందేహం నాకూ ఉంది.

గోదావరి గాలి:

రెండూ వేర్వేరు పదాలు, సమాసం కాదు, పైగా అన్యదేశ్యం. ‘గ’ లఘువుగానే ఉంటుందని నా అభిప్రాయం. గణం చెడలేదు గాని, అర్థం చెడింది. ఎదుటివాడి చేతిలో బంతి మండడమేమిటి? మండుతున్నది అతడి బంతే అయితే అక్కడ నిప్పంటినవాడు అతడే, మనం కాదు!

నిర్వాహకుడు:

గోదావరి గాలి గారి రెండు మాటలతోనూ ఏకీభవిస్తున్నాను. కృష్ణాతీరం గారూ, లాగిన బంతి మామూలు బంతే. అది నిప్పంటిన ఆటగాడి చేతికి చేరినప్పుడే మండుతుంది. కాబట్టి స్టాక్టన్ లాగితే సరిపోదు, అందించాలి కూడా. యంత్రమే నడిపే సహచరుడు బంతిని పట్టుకుని తనంతట తాను విసిరేయకముందే, మనం పాస్ బటన్ నొక్కి దానిని అడిగి తీసుకోవడం ఒంటరిగా ఆడేవారికి తప్పనిసరి అలవాటు కావాలి. సవరించగలరు.

డాలస్ తెలుగువాడు:

రెండిటిపై మూడవదియు
పండిన, నిప్పంట, నెగిరి పైఁబడి, వలలో
నిండుగఁ దాఁ గ్రుక్కు వఱకు
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

విసిరితే గదా విడిచినట్టు! వల దగ్గరకు చేరి, టర్బోతో పాటు షూట్ బటన్ నొక్కితే ఆటగాడు పైకప్పును తాకేంత ఎత్తుకు ఎగిరి, బంతిని చేత్తోనే వలలో కుక్కుతాడు. చేయి కడియాన్ని తాకేదాకా బంతి అతని పట్టులోనే ఉంటుంది. ఇరవైనాలుగు సెకన్ల నియమానికీ భంగం లేదు.

నిర్వాహకుడు:

భేష్! చిక్కుముడి పూర్తిగా విడింది. ‘రెండిటిపై మూడవదియు పండిన’ అనడంలో నిప్పు అంటుకునే నియమం కూడా ఒదిగిపోయింది. ఇలా ఎగిరి బంతిని వలలో వేసే డంక్‌కు ‘క్రుక్కు’ అనే మాట వాడటం ఎంత సహజంగా ఉందో చూడండి. ‘పైఁబడి’ దగ్గర యతి కూడా కష్టపడి వేసినట్టు లేదు. ఒక చిన్న అభ్యంతరం ఉంది గాని అది పద్యానికి సంబంధించినది కాదు: డంక్‌ను కూడా ఎదుటివాడు గాలిలో అడ్డుకోగలడు. అతడు వల కింద సిద్ధంగా ఉన్నాడని తెలిసీ నేరుగా అతని మీదికే ఎగరడం పద్యంలో వీరత్వం, ఆటలో తొందరపాటు. ముందుగా తోసి పడగొట్టి ఆ పైన ఎగరడం మేలు.

పాత ఆర్కేడు:

అయితే నా సందేహానికి నేనే జవాబు చెప్పుకుంటాను. ఇరవైనాలుగు సెకన్ల నియమం పనిచేయని సమయం ఒకటి ఉంది: ఆట ముగియడానికి అంతకంటే తక్కువ సమయం మిగిలినప్పుడు.

రెండే పాయింట్ల మిగులె
యుండఁగఁ, దుది పది సెకనుల నూరక తిరిగెన్;
గండము దాఁటెడు వఱకును
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

వెనుకబడిన జట్టుకు యంత్రం లోలోపల సాయం చేస్తుంది కనుక ఈ ఆటలో పెద్ద ఆధిక్యం నిలవడం అరుదు. రెండు పాయింట్ల తేడాతో చివరి క్షణాలకు చేరడమే మామూలు. అప్పుడు మరో బుట్టకు ఆశపడి గురి తప్పితే, ఎదుటివాడు మూడు పాయింట్ల విసురుతో ఆటను ఎగరేసుకుపోతాడు.

నిర్వాహకుడు:

ఈ పూరణలో ‘విడువని’ అక్షరాలా నిజమైంది. ‘యుండఁగ – ఊరక’ స్వరయతి నిర్దుష్టం. ‘పాయింట్ల’ అన్న మాటను కొందరు ఆక్షేపించవచ్చు గాని, విషయం ఆర్కేడ్ ఆట అయినప్పుడు దానిని అంగీకరించకపోవడం చాదస్తమే అవుతుంది. ఊరక తిరగడం అంత తేలిక కాదన్న మాట మాత్రం చేర్చాలి. మామూలు ఆటగాడికి టర్బో పది సెకన్లపాటు నిలవదు, వేగం తగ్గగానే తోసి పడగొడతారు. మంట ఉన్నవాడికి టర్బో తరగదు కనుక ‘మండెడి’ అన్న విశేషణానికీ ఇక్కడ ప్రయోజనం కలిగింది. దగ్గరకు వచ్చినవారిని టర్బో బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కి మోచేతులతో దూరం పెట్టవచ్చు.

డాలస్ తెలుగువాడు:

ఈ పూరణ చికాగో జట్టుతో ఆడేవారు కంఠస్థం చేయదగినది. ఆటను రూపొందించిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ అభిమాని. డెట్రాయిట్‌తో హోరాహోరీగా సాగిన పోటీలో చికాగో ఆటగాళ్లు చివరి క్షణంలో విసిరే బంతులు తప్పిపోయేలా ఏర్పాటు చేశానని తానే బహిరంగంగా చెప్పాడు. చికాగో ఆటగాడు పిప్పెన్‌తో ఆఖరి విసురు మీద ఆశ పెట్టుకునే బదులు, ముందే ఆధిక్యం సంపాదించి ఊరక తిరగడమే వారికి శరణ్యం.

కృష్ణాతీరం:

సవరించిన పూరణను అవధరించండి.

దండి మలోనొక వైపున
నుండఁగ స్టాక్టను మెఱపుగ నుఱికి యొసంగన్
గొండంత కరము సోఁకిన
మండెడి చెండును విడువని మనుజుఁడె గెలిచెన్

నిర్వాహకుడు:

లాగిన బంతి మలోన్ చేయి సోకాకే మండింది, దోషం తొలగింది. ‘కొండంత కరము’ ప్రాసకోసం తెచ్చినా అతనికి తగినట్టే ఉంది. స్టాక్టన్ బంతిని లాగాడన్న సంగతి మాత్రం ఈ రూపంలో జారిపోయింది. ‘ఉఱికి యొసంగన్’ అంటే పరుగెత్తి ఇచ్చాడన్న అర్థమే వస్తుంది. రెండూ ఒక్క పాదంలో ఇమిడేలా మరోసారి ప్రయత్నించండి, రేపటి వరకు గడువు ఇస్తున్నాను.