వేగంగా బరువు తగ్గుతుంటే జుట్టు రాలిపోతోంది: డైట్ ఆపాలా, వద్దా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. మా నాన్నకు షుగర్ ఉంది. మొన్న జనవరిలో నాకూ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ అన్నారు. భయంతో డైట్ మొదలుపెట్టి నాలుగు నెలల్లో 78 కిలోల నుంచి 61కి వచ్చాను. పొద్దున పాలు లేని కాఫీ, మధ్యాహ్నం ఒక పుల్కా, కీరా ముక్కలు, చారులా పలచగా పప్పు, రాత్రి సూప్. అంతే. 55కి రావాలని నా టార్గెట్.

నెల రోజులుగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. తలంటుకున్న రోజు బాత్రూమ్ జాలీ మూసుకుపోతోంది. జడకు రెండు చుట్లు పట్టే రబ్బరు బ్యాండు ఇప్పుడు నాలుగు చుట్లు తిరుగుతోంది. మొన్న అమ్మ చిక్కు తీస్తూ దువ్వెనకు వచ్చిన జుట్టంతా ఉండ చేసి, ఏమీ అనకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. తిట్టినా బాగుండేది. వచ్చే నెల చెల్లి పెళ్లి, సవరం పెట్టుకుందువులే అంటున్నారు. డైట్ ఆపేయనా? ఆపితే షుగర్ వస్తుందేమోనని టెన్షన్.

మల్లెపొద:
ఆపేయమ్మా, ఈరోజే ఆపేయి. కొన్నేళ్ల క్రితం ఊరంతా కొబ్బరినూనె డైట్ చేస్తున్నప్పుడు నేనూ చేశాను. మూడు నెలల్లో 15 కిలోలు తగ్గాను, నాలుగో నెలకు పాపిడి వెడల్పైపోయింది. ఏడాది తిరిగేసరికి బరువు మళ్లీ వచ్చేసింది, జుట్టు మాత్రం రాలేదు. ఒంటికి పడని పని చేస్తున్నామని ఒళ్లే చెబుతుంటే వినాలి కదా.

సిద్దిపేట బిడ్డ:
అక్కా, ఏమీ అనుకోకు, నేను ఒప్పుకోను. మా నాయన షుగర్‌ను పట్టించుకోలేదు. కాలికి పుండు పడి, చివరికి మూడు వేళ్లు తీసేశారు. రోజూ కట్టు మార్చింది నేనే. జుట్టు పోతే మళ్లీ మొలుస్తుంది, వేళ్లు మొలవవు. చెల్లీ, నీ టార్గెట్ చేరేదాకా ఆపకు.

పోపులడబ్బా:
నేను డైటీషియన్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. ఇద్దరూ అనుభవంతోనే మాట్లాడుతున్నారు. కానీ ఆపడం, ఇలాగే కొనసాగించడం అని రెండే దారులు ఉన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

ముందు జుట్టు సంగతి. మామూలుగా తల మీద నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలో ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉండి రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 రాలడం అందరికీ ఉండేదే. తిండి ఒక్కసారిగా బాగా తగ్గిపోతే గుండె, మెదడు ఆగకూడదు కాబట్టి ఒళ్లు జుట్టు పెంచే పనిని పక్కన పెడుతుంది. పెరుగుతున్న వెంట్రుకలు ఒకేసారి పెద్దసంఖ్యలో విశ్రాంతిలోకి వెళ్లి, రెండు మూడు నెలల తర్వాత అన్నీ కలిసి రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. టైఫాయిడ్, డెంగీ తర్వాత, కాన్పు తర్వాత రాలేదీ ఇదే. అంటే నీకు ఇవాళ రాలుతున్న జుట్టు రెండు మూడు నెలల కిందట తిన్న, తినని తిండి ఫలితం. ఈ వారం షాంపూ మార్చినా, నూనె మార్చినా ఇది ఆగదు.

రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడు. మొదట్లో గసగసాల గింజ కంటే చిన్నగా తెల్లటి బుడిపె ఉంటే, అది విశ్రాంతి దశ ముగిసి రాలిన వెంట్రుక. కుదురు తలలోనే ఉంది, మళ్లీ మొలుస్తుంది. పేనుకొరుకుడులా అక్కడక్కడా బిళ్లలుగా ఊడినా, పాపిడి దగ్గర మాత్రమే పలచబడుతున్నా కథ వేరు. అప్పుడు చర్మ డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇక నీ పళ్లెం. లెక్క వేశాను, రోజుకు పాతిక గ్రాముల ప్రొటీన్ కూడా అందడం లేదు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి, నీకు సుమారు 50. బరువు తగ్గేవాళ్లకు ఇంకాస్త పెంచి 60, 70 దాకా ఇస్తాం (కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా పెంచకూడదు). గుడ్డులో 6 గ్రాములు. 50 గ్రాముల పెసలు నానబెట్టి పెసరట్టు వేసుకుంటే 12. అంతే బరువు మీల్‌మేకర్‌లో 25 దాకా. చారులాంటి పప్పులో ఏముంటుంది తల్లీ, గట్టిపప్పు తిను.

సిద్దిపేట తమ్ముడూ, నీ భయం నాకు అర్థమైంది. కానీ 2002లో అమెరికాలో వచ్చిన డయాబెటిస్ నివారణ అధ్యయనంలో లక్ష్యం ఎంతో తెలుసా? ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. ఆ మాత్రానికే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 78 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. ఈ అమ్మాయి 17 కిలోలు తగ్గింది! షుగర్ కోసం చేయాల్సినది ఎప్పుడో చేసేసింది. ఇక ఆ మిగిలిన ఆరు కిలోలకు ఇంత తొందరేంటి?

సిద్దిపేట బిడ్డ:
ఆ 7 శాతం లెక్క నాకు తెలియదు. కానీ మెల్లగా అన్నవాళ్లు మెల్లమెల్లగా వదిలేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది.

మల్లెపొద:
డైటీషియన్ గారూ, మళ్లీ వస్తుందని ఎంత తేలిగ్గా చెప్పేశారండీ. నాకు రాలేదు. ఆరు నెలలు చూశాను, ఏడాది చూశాను. "పోయింది జుట్టే కదా" అన్న ప్రతివాళ్ల ముందూ నవ్వి ఊరుకున్నాను. పూలు పెట్టుకోవడం మానేసి నాలుగేళ్లయింది.

పోపులడబ్బా:
మన్నించమ్మా, మీ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఆరు నెలలు దాటినా రాలుతుంటే ఇంకేదో కలిసిందని అర్థం. ఐరన్ లోపం, థైరాయిడ్, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, లేదా వంశంలో ఉన్న పలచదనం అప్పుడు బయటపడటం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. డైట్‌కు ముందే ఐరన్ అడుగంటి ఉంటే ఏ జుట్టు తిరిగొస్తుంది? మీకు ఎవరైనా ఫెరిటిన్ పరీక్ష, అదే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష, రాశారా?

మల్లెపొద:
లేదండీ. బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు రాశారు. రెండేళ్లు వాడాను.

వేపచెట్టు:
ఇదంతా ఎందుకండీ, తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చేయండి. కొత్త జుట్టు ఒత్తుగా వస్తుంది.

పోపులడబ్బా:
మొక్కు ఉంటే తప్పకుండా ఇవ్వండి, అది భక్తి. కానీ కత్తి చర్మం పైన ఉన్న వెంట్రుకనే తీస్తుంది, కుదుళ్ల సంఖ్య మారదు. కొత్తగా వచ్చేటప్పుడు కొనలు మొద్దుగా ఉండి ఒత్తుగా అనిపిస్తుంది.

బయోటిన్ గురించి కూడా. లోపం లేనివాళ్లకు దానితో జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. రక్తపరీక్షకు వెళ్లే ముందు బయోటిన్ వాడుతున్నట్టు తప్పక చెప్పండి.

డాలస్ తెలుగు:
ఇక్కడ నేను బరువు తగ్గించే వెగోవీ ఇంజెక్షన్ మీద 20 కిలోలు తగ్గాను. దాని ట్రయల్స్‌లో మందు వాడినవాళ్లలో 3 శాతం మందికి జుట్టు రాలితే, ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 1 శాతం మందికి రాలింది. నాకూ రాలింది. ఆకలే వేయదు కాబట్టి తినడం మర్చిపోయేవాడిని. డాక్టర్ డోస్ పెంచకుండా ఆపి, ముందు ప్రొటీన్ తిన్నాకే మిగతాది తినమన్నారు. ఐదో నెలలో నుదుటి మీద సన్నగా పిల్లవెంట్రుకలు లేచాయి. నెలకు సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి మునుపటిలా కనిపించడానికి ఏడాది పట్టింది. ఇండియాలో కూడా ఈ ఇంజెక్షన్లు 2025 నుంచి దొరుకుతున్నాయి, వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కృష్ణాతీరం:
వారం తర్వాత రాస్తున్నాను. రిపోర్టులు వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.5, మామూలు స్థాయికి వచ్చింది. థైరాయిడ్ బాగానే ఉంది. ఫెరిటిన్ మాత్రం 9, బాగా తక్కువ. డాక్టర్ ఐరన్ మాత్రలు రాసి, కాఫీ టీలకు దూరంగా వేసుకోమన్నారు, నిమ్మరసంతో అయితే మంచిదన్నారు. 55 టార్గెట్ వదిలేశాను. రెండు నెలలు 61 దగ్గరే ఉంటాను, నడక మాత్రం మానను. సిద్దిపేట అన్నా, వదిలేయనని నీకు మాటిస్తున్నాను. నెలనెలా ఇక్కడే బరువు రాస్తాను.

జుట్టు ఇంకా రాలుతూనే ఉంది. నిన్న తెల్ల బుడిపె చూశాను, అమ్మకూ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. పెళ్లికి సవరం ఆవిడే కొనిపెడతానంది, సరే అన్నాను.

మల్లెపొద:
ఫెరిటిన్ పరీక్షకు ఎంతయిందమ్మా? పరగడుపునే వెళ్లాలా?