ఆర్‌సీ హెలికాప్టర్: సిమ్యులేటర్ ముందా, మైదానం ముందా?

కొత్తరెక్క, వైట్‌ఫీల్డ్:
నమస్కారం. 450 సైజు (పైన తిరిగే రోటర్ వ్యాసం సుమారు 70 సెం.మీ.) ఆర్‌సీ, అంటే రేడియో రిమోట్‌తో ఎగిరే హెలికాప్టర్ కొన్నాను. రెక్కల వాలు మార్చి ఎత్తు సర్దే కలెక్టివ్ పిచ్ రకం. సర్జాపుర అవతల ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్‌లో ఆదివారాలు ఎగరేసే మన తెలుగువాళ్లలో ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా చెబుతున్నారు. హెలికాప్టర్ ముక్కును మనవైపు తిప్పి గాలిలో నిలపడం కంప్యూటర్ సిమ్యులేటర్‌లో వచ్చేదాకా అసలు యంత్రానికి బ్యాటరీ కలపవద్దని ఒకరి మాట. సిమ్యులేటర్ చెడ్డ అలవాట్లు నేర్పుతుంది, మొదటి వారం నుంచే మైదానానికి రమ్మని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

పాతగైరో:
సందేహం లేకుండా సిమ్యులేటరే. శిక్షణకు వాడే ఆర్‌సీ విమానం రిమోట్ మీది స్టిక్ వదిలినా కాసేపు తన దారిన తాను పోతుంది. హెలికాప్టర్ పోదు. ఒకచోట నిలపాలంటే రెండు బొటనవేళ్లూ క్షణం ఆగకుండా సర్దుతూనే ఉండాలి. తోక మనవైపు ఉంటే కుడికి తోసినప్పుడు మన కుడికే వాలుతుంది. ముక్కు మనవైపు తిరిగిందా, అదే కుడి మనకు ఎడమవుతుంది, ముందుకు తోస్తే మన మీదికే వస్తుంది. ఇది ఆలోచించి చేసే పని కాదు. ఆలోచన పూర్తయ్యేలోగా రెక్కలు నేలను కొడతాయి. వేళ్లకు పట్టుబడాలంటే లెక్కలేనన్నిసార్లు పడగొట్టాల్సిందే. నిజంగా పడిందంటే మెయిన్ బ్లేడ్లు (పెద్ద రెక్కలు), వాటిని పట్టి ఉంచే ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్, చాలాసార్లు మెయిన్ గేర్, తోక గొట్టం కూడా మార్చాలి. విడిభాగాలు వచ్చేదాకా యంత్రం అటక మీదే. రియల్‌ఫ్లైట్, నెక్స్ట్, హెలీ ఎక్స్ సిమ్యులేటర్లలో ఏదైనా ఫరవాలేదు. కానీ గేమ్‌ప్యాడ్ వద్దండీ, మీ సొంత ట్రాన్స్‌మిటర్‌నే (చేతి రిమోట్) కంప్యూటర్‌కు కలపండి.

మట్టిమైదానం:
దిక్కుల సంగతి ఒప్పుకుంటాను. అయినా గట్టు మీద కూర్చుంటే ఈత రాదు. సిమ్యులేటర్‌లో పడిపోతే ఏం చేస్తారు? రీసెట్ నొక్కుతారు. నెలల తరబడి ఆ వేలికి అలవాటయ్యేది అదే. మైదానంలో ప్రాణం కాపాడేది థ్రాటిల్ హోల్డ్, మోటారును ఆపే స్విచ్. 450 రోటర్ నిమిషానికి 2,800 సార్లు తిరుగుతుంటే రెక్క కొస వేగం గంటకు 370 కిలోమీటర్లకు పైనే. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పార్కులో 19 ఏళ్ల యువకుడు తన హెలికాప్టర్ రెక్క తగిలి చనిపోయాడు. అతను కొత్తవాడు కాదు, అనుభవం ఉన్నవాడు. తెర మీద ఈ భయం లేదు. గేర్ల మధ్య సందు సరిచూడటం, రెండు రెక్కలూ ఒకే తలంలో తిరిగేలా ట్రాకింగ్ సర్దడం, లోహానికి బిగించే మరలకు వదులవకుండా థ్రెడ్‌లాక్ జిగురు వేయడం అసలే లేవు. వదులైన ఒక్క మర ఎంత నేర్చినవాడినైనా కూలుస్తుంది.

మన ఊరి గాలి కూడా సిమ్యులేటర్ గాలిలా ఉండదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి సాంద్రత తీరప్రాంతంతో పోలిస్తే 8, 9 శాతం తక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎలా కొడుతుందో మీకు తెలుసు.

జక్కూరుగాలి:
ఇద్దరు పెద్దల మాటల్లోనూ నాకు అంగీకారం లేనిది ఒకటుంది. అంతా అక్కడే, లేదా అంతా ఇక్కడే అనడం. నేను ఒక్కో దిశనూ విడివిడిగా చూడమంటాను. తోక మనవైపు ఉంచి నిలపడం సిమ్యులేటర్‌లో కుదిరిందా, అది మైదానంలో చేయండి. పక్కకు తిప్పి నిలపడానికి మళ్లీ సిమ్యులేటర్, మళ్లీ మైదానం. అన్నీ తెర మీదే పూర్తిచేసి వచ్చినవాళ్లకు చేతిలో నేర్పు ఉంటుంది కానీ మొదటిసారి రోటర్ హోరు వినగానే మోకాళ్లు వణుకుతాయి. భయంతో మోకాలి ఎత్తునే ఉంచుతారు. నిజానికి కష్టమంతా అక్కడే! రోటర్ గాలి నేలను కొట్టి చెదురుతుంది కాబట్టి రోటర్ వ్యాసమంత ఎత్తు దాటేదాకా యంత్రం కుదురుగా ఉండదు. కంటి ఎత్తుకు లేపితే తేలికవుతుంది. ఇది చెబితే ఎవరూ నమ్మరు, చేసి చూడాలి.

రీసెట్ అలవాటుకు మందు ఉంది. పడుతోందనగానే ముందు థ్రాటిల్ హోల్డ్, ఆ తర్వాతే రీసెట్. ఒక్కసారి కూడా తప్పకూడదు. సిమ్యులేటర్‌లో గాలిని పెంచండి. దూరంగా పోయినప్పుడు బొమ్మను పెద్దది చేసి చూపే జూమ్ ఆపేయండి, మైదానంలో మీ కళ్లకు ఆ సౌకర్యం ఉండదు.

పాతగైరో:
ఒక్కో దిశ అంటున్నారు బాగానే ఉంది. పక్కగాలికి ముక్కు తిరిగిపోతే? ఆ క్షణంలో ఆ కుర్రాడికి రాని దిశే ఎదురవుతుంది.

జక్కూరుగాలి:
నేటి గైరోలు (తోక తిరుగుడును పసిగట్టి సరిచేసే పరికరాలు) సరిగా అమర్చితే తోకను పట్టి ఉంచుతాయి, గాలికి ముక్కు తిరగడం అరుదు. పొరపాటున తోకను తిప్పే రడ్డర్ స్టిక్‌కు వేలు తగిలి తిరిగితే మాత్రం మీరన్న ప్రమాదం నిజమే. అందుకే మొదటి రోజుల్లో గాలి లేని తెల్లవారుజామునే ఎగరేయాలి, పక్కన తెలిసినవాళ్లు ఉండాలి. రెస్క్యూ మీట (నొక్కితే యంత్రాన్ని తానే నిటారు చేసి పైకి లేపేది) ఉన్న ఫ్లైబార్‌లెస్ యూనిట్ (హెలికాప్టర్‌ను కుదురుగా ఉంచే ఎలక్ట్రానిక్ పరికరం) అయితే దాన్ని నొక్కడం కూడా అభ్యాసం చేయించండి. అయినా ముక్కు మనవైపు నిలపడం వచ్చేదాకా ఆగమంటే చాలామంది ఆసక్తి చచ్చి యంత్రాన్ని అమ్మేస్తారు. అది నాకు ఇష్టం లేదు.

మట్టిమైదానం:
ఇంతవరకు వస్తే నేనూ సరేనంటాను. కొత్తరెక్క గారూ, ఒక్క మాట. హెచ్‌ఏఎల్, జక్కూరు, యలహంక, దేవనహళ్లి, ఇన్ని రన్‌వేలున్న ఊరు మనది. విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా ఇంటి దగ్గర ప్రయత్నించకండి. ఈ ఆదివారం పొద్దున్నే లేఅవుట్‌కు రండి. మెయిన్ బ్లేడ్లు విప్పి తీసుకురండి. ముందు థ్రాటిల్ హోల్డ్ పనిచేస్తోందో లేదో రెక్కలు లేకుండానే చూద్దాం, ఎగరేసే సంగతి ఆ తర్వాత.