రెండో బిడ్డ పుట్టాక ఉద్యోగం మానాలా, రెండో కారు కొనాలా?

మియాపూర్ మలుపు:
చర్చ కోసం ఒక ఇంటి లెక్క పెడుతున్నాను. ఇల్లు మియాపూర్. భర్త ఆఫీసు నానక్‌రామ్‌గూడ, భార్యది అమీర్‌పేట. పెద్దపిల్ల యూకేజీ. చిన్నవాడికి ఆరో నెల నిండేసరికి ప్రసూతి సెలవు అయిపోతుంది. ఇంట్లో ఒక వ్యాగన్ ఆర్, ఒక స్కూటర్ ఉన్నాయి. కారు భర్త తీసుకెళ్తాడు. భార్యకు చేతికొచ్చే జీతం 45,000. డేకేర్‌కి 12,000, స్కూలు వ్యానుకి 2,500 అవుతాయనుకుందాం. రెండో కారు లేకుండా ఇద్దరు పిల్లల్నీ దించడం కుదరదని ఒక మాట. అన్ని ఖర్చులు పెట్టే బదులు ఆమె మూడేళ్లు ఇంట్లో ఉండడమే మేలని ఇంకో మాట. ఏ వైపు రాసినా లెక్క చూపించి రాయండి.

చిట్టా ఆవర్జా:
ముందు కారు పక్కన పెట్టి చూడండి. 45,000లో డేకేర్, వ్యాను తీసేయండి. మెట్రోకి, స్టేషన్ దాకా ఆటోకి 3,500 వేసుకోండి. ఇంకా 27,000 మిగులుతుంది. బేసిక్ 25,000 అనుకుంటే పీఎఫ్‌కి ఆమె వాటా 3,000, యజమాని వాటా 3,000. ఈ 6,000 చేతికి రాదు కాబట్టి ఎవరూ లెక్కలో వేయరు, కానీ అది ఆమె డబ్బే.

ఇప్పుడు రెండో కారు తెచ్చి పెట్టండి. 8 లక్షల లోను, 9 శాతం, అయిదేళ్లు: ఈఎంఐ సుమారు 16,600. నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే, సిటీలో లీటరుకు 15 వస్తుందనుకున్నా పెట్రోలు దాదాపు 2,900. బీమా, సర్వీసు కలిపి నెలకు 2,500. మొత్తం 22,000. ఆమె జీతంలో మిగిలేది 5,000. అప్పుడు ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "అయిదు వేల కోసం పసిబిడ్డను వదిలి వెళ్లాలా?" ఆ 22,000 తిన్నది బిడ్డ కాదు, కారు. అదీ ఆమె ఒక్కదాని జీతం మీదే వేశారు. పిల్లలు ఇద్దరివీ అయినప్పుడు డేకేరూ బండీ ఇద్దరి జీతాల్లోంచీ పోవాలి.

ఇంకొకటి. మన దగ్గర భార్యాభర్తల ఆదాయానికి పన్ను విడివిడిగా వేస్తారు. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా పన్ను లేదు, జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 అదనం. భర్త ఎంత పెద్ద శ్లాబులో ఉన్నా ఈ జీతం మీద రూపాయి పన్ను పడదు.

ఇంటిపట్టు:
ఆవర్జా గారూ, మీ లెక్కలో జ్వరం లేదు. డేకేర్‌లో చేరిన మొదటి ఏడాది పిల్లలకు జలుబు, దగ్గు, విరేచనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జ్వరం ఉన్న బిడ్డను ఏ డేకేరూ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. ఒక్కో విడతకి మూడు రోజులు వేసుకోండి. ఏడాదికి ఎనిమిది విడతలంటే 24 రోజులు. క్యాజువల్ లీవు అంతా దానికే పోయి, మిగతాది లాస్ ఆఫ్ పే అవుతుంది. అవ్వా తాతల్లో ఒకరైనా ఊళ్లో లేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంట్లో ఉండడం తప్పేమీ కాదు. కాకపోతే ఏర్పాట్లు చేసుకుని మానాలి. రాజీనామాకి ముందు మూడు పనులు. ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, చివరి తేదీకి కనీసం నెలన్నర ముందే సొంత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టాలి. పాత జబ్బుల వెయిటింగ్ మళ్లీ మొదటినుంచి పడకుండా అడగాల్సింది అప్పుడే. రెండు, సంపాదించే మనిషి మీద టర్మ్ బీమా. మూడు, ఇంట్లో ఉన్న మనిషి పేరిట నెలనెలా డబ్బు. పీపీఎఫ్‌లో ఏడాదికి 1.5 లక్షల దాకా వేయవచ్చు. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఆ వడ్డీని భర్త ఆదాయంలో కలుపుతారు. పీపీఎఫ్ వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ చిక్కు రాదు. ఈ మూడూ చేయకుండా "మానెయ్" అనే వాళ్ల మాట వినొద్దు.

సాయంకాలం ఆరు:
రాజీనామా తేదీ గురించి ఒక మాట. గ్రాట్యుటీకి, అంటే మానేటప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే డబ్బుకి, అయిదేళ్ల సర్వీసు కావాలి. ప్రసూతి సెలవు కూడా సర్వీసు కిందే లెక్క. సెలవు ముగిసే నాటికి నాలుగేళ్ల నాలుగు నెలలున్న మనిషి ఆవేశపడి కాగితం ఇచ్చేస్తే పోయేది ఇది: బేసిక్ 25,000ని 15తో గుణించి, 26తో భాగించి, అయిదుతో గుణించండి, 72,115. ఎనిమిది నెలలు ఆగితే వచ్చే డబ్బు. పీఎఫ్ పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో మానేస్తే పెన్షన్ వాటా డ్రా చేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటిదాకా చేసిన సర్వీసు రాసిచ్చే కాగితం) తీసుకుంటే, మళ్లీ చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది.

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు 2017 సవరణతో వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా అప్పుడే చేర్చారు. ఈ రెండో భాగాన్ని అడిగేవాళ్లే తక్కువ. సెలవయ్యాక ఇంటినుంచి పని చేసే వీలు కూడా ఉంది, కాకపోతే పని స్వభావాన్ని బట్టి ఇరువైపులా ఒప్పుకోవాలి. కాబట్టి సెలవు అయ్యే రోజున కాదు, ఆరు వారాల ముందే మెయిల్ పెట్టండి. వారంలో ఏ రోజులు, ఏ గంటలు, ఎన్ని నెలలు అన్నది అందులో రాయండి. నోటిమాటగా ఒప్పుకున్నది మేనేజరు మారగానే పోతుంది.

ఇంకో సంగతి. "ఆమె మానాలా" అనే అందరూ అడుగుతున్నారు. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో వారానికి మూడు రోజులు ఇంటినుంచి పని ఉంటే, ఆ మూడు రోజులూ పిల్లల్ని దించి, తెచ్చుకోవాల్సింది తండ్రే. ప్రశ్న సగం అక్కడే తీరిపోతుంది.

మియాపూర్ మలుపు:
స్కూటర్ ఉంది కదా, వెనక పెద్దపిల్ల, ముందు బెల్టుతో చిన్నవాడు, డేకేర్ మూడు కిలోమీటర్లే. కారెందుకు అనేవాళ్లున్నారు. దీనికేమంటారు?

ఊయల బెల్టు:
కుదరదు. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం టూవీలర్ మీద నడిపేవాళ్లు కాక ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ వెనక సీటు మీదే కూర్చోవాలి. పిల్లలకు మినహాయింపు లేదు. ముగ్గురుంటే 1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి నడిపేవారికి కట్టే హార్నెస్ (పట్టీలు), గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం తప్పనిసరి, 9 నెలలు దాటితే హెల్మెట్ కూడా. ఆ హార్నెస్ 30 కిలోల బరువు ఆపేలా ఉండాలి. ఆరు నెలల పిల్లాడి సంగతికొస్తే, వాడి తలకు సరిపోయే హెల్మెట్టే దొరకదు, మెడ దాని బరువు మోయలేదు. చీర కొంగుతో కట్టుకోవడం, ముందు కాళ్ల మధ్య నిలబెట్టడం రోజూ చూస్తూనే ఉంటాం. సడన్ బ్రేకు వేస్తే ముందున్న పిల్ల నేరుగా హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది.

అంటే నిజమైన చిక్కు డబ్బు కాదు, ఉదయం ఒక్కటే: ఇద్దరు పిల్లలు ఒకే సమయానికి రెండు చోట్లకు చేరాలి. పెద్దపిల్లకు వ్యాను, చిన్నవాడికి వ్యాగన్ ఆర్ చాలు. భర్త నానక్‌రామ్‌గూడ వెళ్తూ డేకేర్‌లో దించేస్తే రెండో కారు అవసరమే పడదు. వ్యాను ఎంచుకునేటప్పుడు సీట్లు లెక్కపెట్టండి, ఎక్కే పిల్లల్ని లెక్కపెట్టండి, రెండు అంకెలూ సరిపోవాలి. ఆటో అయితే అసలు వద్దు.

పానా పట్టినోడు:
మధ్యల నాదో మాట అన్నా. కారు కొనుడే అయితే డీజిల్ మాట ఎత్తకుండ్రి. బీఎస్6 డీజిల్‌కు పొగగొట్టంల డీపీఎఫ్ అని ఫిల్టర్ ఉంటది. అందుల మసి కాలిపోవాలంటే బండి ఇరవై నిమిషాలన్న ఒక్కతీరుగ అరవై స్పీడుల నడవాలె. స్కూలు, డేకేర్, కూరగాయలు, రెండు రెండు కిలోమీటర్లు తిప్పితే మసి పేరుకొని ఎల్లో లైటు వస్తది. దాన్ని పట్టించుకోకపోతే బండి పవర్ పడిపోతది, గ్యారేజ్‌ల మిషన్ పెట్టి కాల్పియ్యాలె, అప్పటికీ కాకపోతే ఫిల్టరే మార్చాలె.

సెల్లార్‌ల పడి ఉండే రెండో కారుకు ఇంకో రోగం. మూడు వారాలు స్టార్ట్ చెయ్యకపోతే బ్యాటరీ దిగుతది. ఊకె స్టార్ట్ చేసి ఐదు నిమిషాలల్ల ఆపుడు ఇంకా నష్టం, స్టార్టర్ గుంజిన కరెంటు తిరిగి ఎక్కదు. వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పాలె. బానెట్‌ల ఎలుకలు వైరింగ్ కొరుకుతయి, అది బీమాల అన్ని పాలసీలకు రాదు, అడిగి చూసుకోండ్రి.

సెకండ్ హ్యాండ్ నాలుగైదేండ్ల పెట్రోల్ చిన్న బండి మంచిది. టైరు పక్కన నాలుగు అంకెలు సూడుండ్రి, 2321 అంటే 2021ల 23వ వారం తయారైంది. బండి 2019ది, టైర్లు అదే ఏడాదివి, మీటర్ల 22,000 ఉంటే సరే. బండి 2019ది, టైర్లు 2023వి, మీటర్ల 22,000 ఉంటే టైర్లు ఎందుకు మార్చిండ్రని అడగాలె. సీఎన్‌జీ అయితే సిలిండర్ మీద టెస్టు తేదీ సూడాలె, మూడేండ్లకొకసారి చేయించాలె.

ఇంటిపట్టు:
అయితే ఉన్న వ్యాగన్ ఆర్ అమ్మేసి ఏడు సీట్ల బండి తీసుకుంటే ఎలా ఉంటుంది? అవ్వ వచ్చినప్పుడు అందరూ ఒకే బండిలో వెళ్లొచ్చు.

ఊయల బెల్టు:
ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఏడు సీట్ల ఎర్టిగా మధ్య వరుసలో రెండు ఐసోఫిక్స్ (కారు సీటులోని కొక్కేలకు తగిలించే) చైల్డ్ సీట్లు బిగించాక మూడో వరుసలోకి దారి మూసుకుపోతుంది. లోపలికి వెళ్లాలంటే మధ్య సీటు వంచి ముందుకు జరపాలి. చైల్డ్ సీటు బిగించి ఉంటే అది వంగదు. అవ్వ డిక్కీ వైపునుంచి ఎక్కలేదు కదా. ఒక చైల్డ్ సీటే పెట్టి, పెద్దపిల్లను బూస్టర్ (బెల్టు సరిగ్గా పడేలా ఎత్తు పెంచే సీటు) మీద రెండో చివర కూర్చోబెడితే, ఆ బూస్టర్ తీసి దారి ఇవ్వవచ్చు. మూడో వరుస లేపి ఉంచితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లే, వ్యాగన్ ఆర్‌కి 341. స్ట్రోలర్ మడిచి పెడితే ఇంకేమీ పట్టదు.

చిట్టా ఆవర్జా:
ధర సంగతి కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం. ఎర్టిగా పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది, ఇంజన్ 1,462 సీసీ, కాబట్టి 40 శాతం. ఏడు సీట్లే కావాలంటే ట్రైబర్ నాలుగు మీటర్ల లోపే ఉంది, 18 శాతంలో వస్తుంది. కానీ మూడో వరుస వేస్తే దాని డిక్కీ 84 లీటర్లే. తెలంగాణలో ఒకే మనిషి పేరిట రెండో కారు రిజిస్టర్ చేస్తే లైఫ్ టాక్స్‌కి 2 శాతం అదనం. భార్య పేరిట ఇంతకుముందు కారు లేకపోతే ఆమె పేరిట తీసుకోండి. ఎలక్ట్రిక్ అయితే 2026 డిసెంబరు 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ముందు అసోసియేషన్‌ని అడిగి సెల్లార్‌లో సొంత మీటరుకి కలిసిన 15 యాంపియర్ల ప్లగ్గు పెట్టించుకోవాలి. అది కాకుండా బుకింగ్ చేయొద్దు.

సాయంకాలం ఆరు:
కారు ఏదైనా సాయంత్రం లెక్క కూడా వేయండి. డేకేర్ ఏడింటికి మూస్తారనుకుందాం. అమీర్‌పేట నుంచి మియాపూర్ మెట్రోలో పాతిక నిమిషాలు. స్టేషన్ దాకా నడక, రద్దీలో ఒక రైలు వదిలేయడం, మియాపూర్‌లో ఆటో, అన్నీ కలిపి గంట పెట్టుకోండి. ఆఫీసు గడప ఆరు గంటలకే దాటాలి. రెండో కారు ఉన్నా మూసాపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇంతకంటే ముందు చేరలేరు. కాబట్టి షోరూమ్‌కి వెళ్లేముందు డేకేర్‌కి వెళ్లి, ఏడున్నర దాకా ఉంచుతారా, ఆలస్యమైన ప్రతి అరగంటకి ఎంత తీసుకుంటారు అని రాతపూర్వకంగా అడగండి.

ఊయల బెల్టు:
షోరూమ్‌కి వెళ్లేటప్పుడు మీ చైల్డ్ సీటు వెంట తీసుకెళ్లండి. 15 నెలల దాకా బిడ్డ ముఖం వెనక్కే ఉండాలి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి చైల్డ్ సీటు ఎప్పుడూ వెనక వరుసలోనే బిగించాలి. రెండు కొక్కేలూ టక్కుమని పడి పచ్చ గుర్తు కనిపించాలి. సపోర్ట్ లెగ్ (సీటు కింద ఊతంగా ఉండే కాలు) ఉన్న రకమైతే అది నేలను గట్టిగా తాకాలి. కాళ్ల దగ్గర నేల కింద డబ్బా ఉంటే దాని మీద ఆనించకూడదు. బిగించాక ముందు సీట్లో భర్తను కూర్చోబెట్టి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతున్నాయేమో చూడండి. తగిలితే ఆ కారు ఈ ఇంటికి పనికిరాదు, ఎన్ని సీట్లున్నా సరే.